కార్డు వెనుక పెన్సిల్ రాత: మలావీ సరస్సు ఒడ్డున ఒక శుక్లం కేసు

ఈ కేసును విశాఖపట్నంలో మా ఆసుపత్రి పీజీ విద్యార్థులకు నేను ఇప్పటికి మూడుసార్లు చెప్పాను. పూర్తిగా రాసి పెట్టడం మాత్రం ఇదే మొదటిసారి. ఆపరేషన్ జరిగింది 2018 జూన్ నెలలో, ఆఫ్రికా ఆగ్నేయ భాగంలోని మలావీ దేశంలో, సరస్సు ఒడ్డున ఉన్న ఒక జిల్లా ఆసుపత్రిలో. రోగికి విషయమంతా ఆమె భాషలో చదివి వినిపించి, ఆమె ఒప్పుకున్న తరువాతే రాస్తున్నాను. ఆమె పేరు గానీ, ఊరు గానీ, ఆసుపత్రి పేరు గానీ ఇక్కడ ఉండవు. కత్తి పట్టింది నేను, జరిగిన పొరపాటూ నాదే కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు రాస్తాను. పరాయి దేశాలకు వెళ్ళి కంటి ఆపరేషన్లు చేసి వచ్చే మాలాంటివాళ్ళం తిరిగి వచ్చాక చెప్పుకునేది సాధారణంగా ఎన్ని కళ్ళు చేశామన్న లెక్క. మేము విమానం ఎక్కిన తరువాత మొదలయ్యే పని ఒకటి ఉంది, అది ఆ లెక్కలోకి ఎక్కదు. ఈ కేసు ఆ పని గురించి.

అంతకు ముందు

నేను కంటి వైద్యం చదివింది ఆంధ్రా మెడికల్ కాలేజీలో, 1990ల మొదట్లో. అప్పటికి మా చేతికి వచ్చిన శుక్లం ఆపరేషన్ పాత పద్ధతిది. కంటిలోని సహజ కటకాన్ని దాని సంచితో సహా మొత్తంగా బయటికి తీసి, కుట్లు వేసి, రోగిని రోజుల తరబడి కదలకుండా పడుకోబెట్టి, చివరికి ప్లస్ పది పవరు ఉన్న దళసరి కళ్ళద్దాలు చేతిలో పెట్టేవాళ్ళం. ఏజెన్సీలో శిబిరాలు బడి గదుల్లోనే జరిగేవి. బెంచీలు జరిపి, గోడలు కడిగి, కిటికీలకు దుప్పట్లు కట్టి ఆపరేషన్ గది చేసుకునేవాళ్ళం. కట్టు విప్పిన రోజున "అగుపిస్తన్నాది బాబూ" అన్న మాట వినగానే మా పని అయిపోయినట్టే అనుకుని కొండ దిగి విశాఖకు వచ్చేసేవాళ్ళం.

చింతపల్లి వైపు నుంచి ఒక వృద్ధుడు, మా శిబిరంలో రెండు కళ్ళకూ ఆపరేషన్ అయినవాడు, నాలుగు నెలల తరువాత కొడుకు భుజం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కళ్ళు రెండూ శుభ్రంగా ఉన్నాయి, ఎక్కడా వాపు లేదు, ఎరుపు లేదు. కళ్ళద్దాలు మాత్రం వాగు దాటుతుండగా రాతి మీద పడి పగిలిపోయాయి. అద్దాలు లేకుండా అతనికి రెండు మీటర్ల దూరంలో వేళ్ళు లెక్కపెట్టడం కూడా కష్టంగా ఉంది. మంచి కంటితో మూడు మీటర్ల దూరంలో వేళ్ళు లెక్కపెట్టలేని మనిషిని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంధుడిగానే లెక్కిస్తుంది. మా రిజిస్టరులో మాత్రం అతను చూపు వచ్చినవాళ్ళ జాబితాలోనే ఉన్నాడు. కొత్త అద్దాలు ఇచ్చి పంపాం. ఆ రిజిస్టరు అంకెల మీద నాకు నమ్మకం తగ్గింది ఆ రోజు నుంచే.

లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లీ తొలి కృత్రిమ కటకాన్ని మనిషి కంటిలో అమర్చింది 1949 నవంబరులో. అది మన ఏజెన్సీ రైతు కంటిలోకి రావడానికి నాలుగు దశాబ్దాలకు పైగా పట్టింది. 1992లో మదురైలో ఆరోల్యాబ్ కటకాల తయారీ మొదలుపెట్టాక ధర దిగి వచ్చింది. 1994లో ప్రపంచ బ్యాంకు సాయంతో ఏడు రాష్ట్రాల్లో మొదలైన శుక్లాల అంధత్వ నివారణ ప్రాజెక్టులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉండటంతో ప్రభుత్వ వైద్యులకు లెన్సు అమర్చే శిక్షణ, అందుకు కావలసిన మైక్రోస్కోపులు అందాయి. ఆ కాలంలోనే మేము కుట్లు అవసరం లేని చిన్న కోత పద్ధతి నేర్చుకున్నాం. కంటి తెల్లగుడ్డులో ఆరు, ఏడు మిల్లీమీటర్ల వెడల్పున సొరంగంలాంటి దారి చేసి, ఆ దారిలోంచి ముదిరిన కటకపు గింజను మొత్తంగా బయటికి తెచ్చి, ఖాళీ అయిన సంచిలో లెన్సు కూర్చోబెడతాం. కంటి లోపలి ఒత్తిడే ఆ సొరంగాన్ని తలుపు వేసినట్టు మూసేస్తుంది.

ఈ రోజు విశాఖలో ఎక్కువ ఆపరేషన్లు శుక్లాన్ని కంటిలోనే ముక్కలు చేసి పీల్చే ఫేకో యంత్రంతోనే జరుగుతున్నాయి, నేనూ చేస్తాను. అయినా చిన్న కోత పద్ధతిని నేను వదిలిపెట్టలేదు. కోరాపుట్, మల్కన్‌గిరి, అరకు వైపుల నుంచి మా దగ్గరికి వచ్చేవాళ్ళ శుక్లాలు గోధుమ రంగు దాటి నల్లబడిపోయి, రాయిలా గట్టిపడి ఉంటాయి. "పొర ముదిరాక తీయించుకోవాలి" అన్న పాత మాట నమ్మి ఏళ్ళ తరబడి ఆగినవాళ్ళు కొందరైతే, బస్సు ఛార్జీకి, తోడు వచ్చే మనిషి కూలికి డబ్బు కూడక ఆగినవాళ్ళు ఇంకా ఎక్కువమంది. అలాంటి గింజను యంత్రంతో ముక్కలు చేయబోతే కార్నియా, అంటే కంటి ముందున్న పారదర్శక పొర, దెబ్బ తింటుంది. చేత్తో మొత్తంగా తీయడమే దానికి మేలు. మలావీలో నేను ఏమైనా పనికివచ్చానంటే అది ఈ అలవాటు వల్లనే.

మలావీ

2018 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో ఉన్నది సుమారు 1.75 కోట్ల మంది. కంటి సర్జన్లు చాలా తక్కువ. అందుకని ఎంబీబీఎస్ చదవని క్లినికల్ ఆఫీసర్లకు కంటి వైద్యంలో ప్రత్యేక శిక్షణ ఇచ్చి, వారిలో కొందరికి శుక్లం ఆపరేషన్ కూడా నేర్పిస్తారు. మన దగ్గర ఈ మాట చెబితే చాలామంది డాక్టర్లు ముఖం చిట్లిస్తారు. నేనూ మొదట్లో అలాగే ఉన్నాను. నేను పని చేసిన జిల్లాలో కంటికి సంబంధించిన పనంతా నడిపిస్తున్నది అలాంటి ఒక క్లినికల్ ఆఫీసరే. కండ్లకలక నుంచి కంటి గాయాల దాకా, కళ్ళద్దాల పరీక్ష నుంచి నీటికాసుల మందుల దాకా ఆయన చూడనిది లేదు.

అక్కడి మెడికల్ కౌన్సిల్ తాత్కాలిక అనుమతి మీద 2015 నుంచి ఏటా రెండు వారాలు వెళ్ళేవాణ్ణి. ముంబై, అడిస్ అబాబా మీదుగా లిలాంగ్వే చేరి, అక్కడి నుంచి సరస్సు వైపు రోడ్డు మీద వెళ్ళాలి. లెన్సులు, కుట్టు దారాలు, కటకపు పొర కనిపించేలా వేసే ట్రిపాన్ బ్లూ రంగు, ఆపరేషన్‌లో కంటి లోపల నింపే విస్కోఎలాస్టిక్ జిగురు అన్నీ పెట్టెల్లో ఇక్కడి నుంచే పట్టుకెళ్ళేవాళ్ళం. సరస్సు పేరుకే సరస్సు. నిలబడి చూస్తే అవతలి ఒడ్డు కనిపించదు. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు చేరి, ఆడవాళ్ళు బుట్టలతో చేపలకు దిగడం చూస్తే మన జాలరిపేటలో నిలబడినట్టే ఉండేది. అక్కడ పెద్దవయసు వాళ్ళను గౌరవంగా "అగోగో" అంటారు, మన అవ్వా తాతా అన్నట్టు. నేను నేర్చుకున్న నాలుగైదు చిచెవా మాటల్లో ఆపరేషన్ బల్ల దగ్గర అన్నిటికంటే ఎక్కువ వాడింది "యంగానాని పన్సి", అంటే కిందికి చూడండి అని.

రోగి, పరీక్ష

ఆమె వయసు సుమారు 65. సుమారు అని ఎందుకంటున్నానంటే, పుట్టిన సంవత్సరం ఆమెకు తెలియదు. 1964లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నాటికి తాను మేకలు కాసే వయసు పిల్లనని చెప్పింది. పదేళ్ళ మనవరాలు కర్ర ఒక కొన పట్టుకుని ముందు నడుస్తుంటే, రెండో కొన పట్టుకుని వెనుక వచ్చింది. ఆ పిల్ల అప్పటికి ఏడాదిగా బడికి వెళ్ళడం లేదు. మన ఏజెన్సీలోనూ ఒక ముసలి కన్ను పోతే ఒక పసిబిడ్డ చదువు పోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

కుడి కంటికి వెలుగు ఉందో లేదో మాత్రమే తెలుస్తోంది, వెలుగు ఏ వైపు నుంచి వస్తోందో నాలుగు దిక్కులా సరిగ్గా చెప్పగలుగుతోంది. ఎడమ కంటికి ముఖం ముందు చెయ్యి ఊపితే కదలిక తెలుస్తోంది. రెండు కళ్ళ కార్నియాలు స్వచ్ఛంగా ఉన్నాయి. రెండు పాపలూ వెలుగుకు చురుకుగానే ముడుచుకుంటున్నాయి. కంటి ఒత్తిడి షియోట్జ్ టోనోమీటరుతో కుడి 20, ఎడమ 18. కుడి కంటి శుక్లం ముదురు గోధుమ రంగులో, నల్లదనానికి దగ్గరగా ఉంది. ఎడమది తెల్లగా పండిపోయి ఉంది. కన్నీటి నాళాలు తెరుచుకునే ఉన్నాయి, రక్తపోటు, చక్కెర అదుపులోనే ఉన్నాయి. లోపలి రెటీనాను చూసే వీలు రెండు కళ్ళలోనూ లేదు, స్కాన్ యంత్రం మా దగ్గర లేదు. చూపు మరీ తక్కువగా ఉన్న కుడి కన్ను ముందు చేయాలని నిర్ణయించాను.

నేను ఆమెను చూసింది ముందురోజు సాయంత్రం, ఆఖరి నలుగురిలో ఒకరిగా, కంటిని పెద్దది చేసి చూపే, బ్యాటరీ బలహీనపడిన చేతి స్లిట్‌ల్యాంపుతో. కార్డు ముందు వైపున "ఆపరేషన్‌కు తగినది" అని రాసి సంతకం పెట్టాను. కార్డు తిప్పి చూడలేదు.

ఆపరేషన్

మరునాడు ఆమెది నా 23వ ఆపరేషన్. కన్ను మొద్దుబారడానికి కంటి పక్కన సూదిమందు ఇచ్చి, అయిదు శాతం పోవిడోన్ అయోడిన్‌తో శుభ్రం చేసి మైక్రోస్కోపు కింద చూసేసరికి కంటిపాప నాలుగు మిల్లీమీటర్లకు మించి తెరుచుకోలేదు. ఉదయం నుంచి చుక్కలు వేసినా అంతే తెరుచుకుందంటే ఆగి కారణం వెతకాలి. నేను రెండు కొక్కేలతో పాపను సాగదీసి ముందుకు వెళ్ళాను. పైన ఆరున్నర మిల్లీమీటర్ల సొరంగం, నీలి రంగు వేసి కటకపు సంచి ముందు పొరలో గుండ్రటి ద్వారం. ఆ ద్వారం అయిదు మిల్లీమీటర్లకే ఆగిపోయింది. అంత పెద్ద, గట్టి గింజకు అది చాలదు. అంచున రెండు మూడు చోట్ల గాట్లు పెట్టి వెడల్పు చేయాల్సింది. అదీ చేయలేదు.

గింజను సంచిలోంచి పైకి తిప్పడానికి కొక్కెం వేసి నెట్టినప్పుడు మొదట అది కదలలేదు. కొంచెం బలం పెట్టాను. అప్పుడు చేతికి ఒక తేడా తెలిసింది. తిరగాల్సిన గింజ తిరగకుండా, మొత్తంగా ఒక వైపుకు ఒరిగింది. అదే క్షణంలో కంటి ముందు గది ఉన్నట్టుండి లోతుగా అయింది. కటకాన్ని చుట్టూ పట్టి ఉంచే సన్నని పోగులు కింది భాగంలో, గడియారంలో అయిదు నుంచి ఏడు అంకెల మధ్య, తెగిపోయాయి. ఈ అనుభవం ఉన్న సర్జన్లకు ఆ క్షణంలో కడుపులో ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

అక్కడి నుంచి చేసినవన్నీ వరుసగా రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి చోట తొందరే రెండో ప్రమాదం తెస్తుంది. ముందు చేతులు ఆపాను. కంటిలోంచి ఏ పరికరాన్నీ చటుక్కున వెనక్కి లాగలేదు. లాగితే ముందు గది కూలి, విట్రియస్ అనే లోపలి జిగురు ముందుకు ఉరుకుతుంది. గింజ కింద, పైన విస్కోఎలాస్టిక్ నింపి, దాన్ని మెత్తటి పరుపుల మధ్య ఉంచినట్టు చేశాను. సొరంగాన్ని ఎనిమిది మిల్లీమీటర్లకు వెడల్పు చేసి, నీటి ధార లేని మామూలు వెక్టిస్ గరిటెను గింజ కిందికి పోనిచ్చి, జరుగుతోందో లేదో అన్నంత నెమ్మదిగా బయటికి తెచ్చాను. దాని వెంటే విట్రియస్ పోగు ఒకటి గాయం దగ్గరికి వచ్చింది. మా దగ్గర విట్రియస్ కోసే యంత్రం లేదు. స్పాంజి మొనను గాయం అంచుకు ఆనించి, అంటుకున్న పోగును కొద్దిగా లేపి, వానాస్ కత్తెరతో గాయానికి ఆనుకుని కత్తిరించడం, మళ్ళీ ఆనించడం, మళ్ళీ కత్తిరించడం. కంటిపాప గుండ్రంగా నిలబడి, స్పాంజి తగిలించినా పాప అంచు కదలని దాకా అదే పని. సాయానికి ఎదురుగా కూర్చున్న క్లినికల్ ఆఫీసరు ఆ సేపంతా ఒక్క మాట మాట్లాడకుండా, నేను అడగకముందే ఒక్కో కొత్త స్పాంజి అందించాడు. మధ్యలో ఒకసారి కరెంటు పోయి జనరేటరు అందుకునేదాకా ఆయన టార్చి వెలుగులోనే కూర్చున్నాం.

మిగిలిన ముందు పొర అంచు మూడు వైపులా గట్టిగానే ఉంది. అందుకని లెన్సును సంచిలో కాక, ఆ అంచు మీద, పాప చుట్టూ ఉండే రంగు తెర ఐరిస్ వెనుక ఉండే గాడిలో పెట్టాను; దాని రెండు కాళ్ళూ తెగిన కింది భాగానికి దూరంగా, అడ్డంగా, మూడు, తొమ్మిది అంకెల వైపు ఉండేట్టు తిప్పాను. లెన్సు అలా ముందుకు జరిగి కూర్చున్నప్పుడు పవరు తగ్గించాలి కాబట్టి, లెక్కకు వచ్చిన 21.5కు బదులు 20.5 వాడాను. పెద్దదైన గాయానికి 10-0 నైలాన్‌తో మూడు కుట్లు. మామూలుగా పది నిమిషాలలోపు ముగిసే పనికి యాభై నిమిషాలు పట్టింది. బయట వరండాలో ఇంకా ఏడుగురు ఉన్నారు. వాళ్ళను మర్నాటికి వాయిదా వేశాను. ఆ ఒక్క నిర్ణయం మాత్రం ఆ రోజు సరిగ్గా తీసుకున్నాను.

కార్డు

సాయంత్రం కేస్ షీటు నింపుతూ కార్డు తిప్పాను. వెనుక వైపు, మూడు వారాల క్రితం ఊళ్ళో జరిగిన తొలి పరీక్షలో క్లినికల్ ఆఫీసరు పెన్సిల్‌తో సన్నగా రాసిన ఒక వాక్యం ఉంది: రెండు కళ్ళ పాప అంచున తెల్లటి దుమ్ము. చివర ప్రశ్నార్థకం.

ఆ దుమ్ము సూడోఎక్స్‌ఫోలియేషన్. ఫిన్లాండ్‌లో లిండ్‌బర్గ్ అనే వైద్యుడు 1917లోనే వర్ణించిన స్థితి ఇది. బూడిద పొడిలాంటి పదార్థం కటకం మీద, పాప అంచున పేరుకుంటుంది. అలాంటి కంటిలో పాప సరిగ్గా తెరుచుకోదు, కటకాన్ని పట్టి ఉంచే పోగులు లోలోపలే బలహీనపడతాయి, ఒత్తిడి పెరిగి నీటికాసులు వచ్చే అవకాశం ఎక్కువ. ముందే తెలిస్తే సర్జను దారి మార్చుకుంటాడు. పాపను తెరిచి ఉంచే కొక్కేలు, సంచిని విప్పి నిలబెట్టే రింగు సిద్ధం చేసుకుంటాడు, ద్వారం పెద్దది చేస్తాడు, గింజను నెట్టడు. ఇది నాకు కొత్త సంగతి కాదు, విశాఖలో వారానికి ఒకరినైనా చూస్తాను. పాఠం చెప్పేటప్పుడు "పాప తెరుచుకోకపోతే ముందు దుమ్ము కోసం వెతకండి" అని పీజీలకు చెప్పేది నేనే.

"మీరు రాశారు కదా, థియేటర్‌లో ఎందుకు చెప్పలేదు?" అని ఆయనను అడిగాను. ఆయన కాసేపు ఆగి, "రాశాను కాబట్టి మీరు చూసే ఉంటారనుకున్నాను డాక్టర్. పాప సాగదీస్తుంటే, తెలిసే చేస్తున్నారనుకున్నాను" అన్నాడు. పెద్ద డాక్టరు చేతిలో కత్తి ఉండగా కింది వాళ్ళు నోరు విప్పకూడదన్న మర్యాద ఆయన ఎక్కడ నేర్చుకున్నాడో నాకు వేరే చెప్పనక్కరలేదు. మా థియేటర్లలో పీజీలకు, నర్సులకు మేము నేర్పుతున్నదీ అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన ఆపరేషన్ భద్రతా చెక్‌లిస్టు విశాఖలో మా గోడ మీదా ఉంది, అక్కడి గోడ మీదా ఉంది. దాన్ని మేము పేరు, కన్ను ఏ వైపు అన్నంత వరకే చదివి వదిలేస్తున్నాం.

కట్టు విప్పిన ఉదయం

మరునాడు ఉదయం వరండాలో పొడవాటి బల్ల మీద ముందురోజు ఆపరేషన్ అయినవాళ్ళంతా వరుసగా కూర్చున్నారు, ఆడవాళ్ళు రంగురంగుల చితెంజె గుడ్డలు చుట్టుకుని. ఒక్కొక్కరికీ కట్టు విప్పుతుంటే నవ్వులు, పాటలు, నాలుక ఆడిస్తూ వేసే ఈలలు. ఒకాయన లేచి గంతులు వేశాడు. ఆమె వంతు వచ్చింది. కట్టు తీసి, శుభ్రం చేసి, కన్ను తెరవమన్నాం. ఆమె కొంతసేపు అటూ ఇటూ చూసి, క్లినికల్ ఆఫీసరును మెల్లగా ఏదో అడిగింది. ఆయన నా వైపు తిరిగి చెప్పాడు: "సరస్సు మీది నుంచి మంచు దిగిందా అని అడుగుతోంది."

మంచు లేదు. ఎండ వరండా మెట్ల దాకా వచ్చింది. ఆమెకు కనిపిస్తున్నది వాచిన కార్నియా. రెండు మీటర్ల దూరంలో వేళ్ళు లెక్కపెట్టగలిగింది. పక్కనే కూర్చున్న ఆమెకు 6/18 వచ్చింది, అంటే మామూలు కంటికి 18 మీటర్ల నుంచి కనిపించేది ఆమెకు ఆరు మీటర్ల నుంచి కనిపిస్తోంది. జరిగింది ఆమెకు నేనే వివరించాను, ఆయన తర్జుమా చేశాడు. కంటిలో దారం తెగిందని, ముందే చూసుకోకపోవడం నా తప్పని, ఆ మంచు రెండు వారాల్లో విడిపోతుందని నమ్ముతున్నానని చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని "జికోమో" అంది, అంటే ధన్యవాదాలు. ఆ మాట ఆ రోజు నాకు చాలా భారంగా అనిపించింది.

రెండో రోజుకు ఒత్తిడి 34కు పెరిగింది. ఎసిటజోలమైడ్ మాత్రలు, టిమోలాల్ చుక్కలు మొదలుపెట్టి, ప్రెడ్నిసొలోన్ చుక్కలు గంటకోసారి వేయించాం. నాలుగో రోజుకు ఒత్తిడి 22కు దిగింది. అప్పటికి మా ప్రయాణానికి ఇంకా మూడు రోజులే ఉంది. మనవరాలి తల్లి వచ్చి, వెళ్ళేలోగా రెండో కన్ను కూడా చేసి వెళ్ళమని బతిమాలింది. చేయను అన్నాను. కారణాలు చెప్పడం తేలిక, ఆమె ముఖం చూస్తూ చెప్పడం తేలిక కాదు. ఎడమ కంటిలోనూ అదే జబ్బు ఉంది. రింగు లేదు, విట్రియస్ యంత్రం లేదు. మొదటి కన్ను ఇంకా కుదుటపడలేదు. రెండో కంటికి కూడా అదే జరిగితే, చూడవలసిన సర్జను ఆరు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో విశాఖలో కూర్చుని ఉంటాడు. శిబిరం ముగిసే రోజున లెక్క పెరగడం కోసం చేసే ఆపరేషన్ ఎవరికీ చేయకూడదని నా అభిప్రాయం. చాలామంది చేస్తారు, నేనూ గతంలో చేశాను.

మేము వచ్చేసిన తరువాత

అక్కడ మధ్యాహ్నం రెండు అయితే మనకు సాయంత్రం అయిదున్నర. ఆ వేళకు నా ఫోనుకు ఫోటోలు వచ్చేవి. స్లిట్‌ల్యాంపు కంటిభాగానికి ఫోను ఆనించి ఆయన తీసినవి, కింద చూపు, ఒత్తిడి, వేస్తున్న మందులు. ఆమె ఊరు ఆసుపత్రికి చాలా దూరం. మొదటి నెలలో ఆమె రాలేని వారం ఆయనే మోటారు సైకిలు మీద టోనోమీటరు పట్టుకుని వెళ్ళాడు. పదో రోజుకు కార్నియా తేరుకుంది. ఆరో వారానికి కుట్లు విప్పి, పాప పెద్దది చేసి రెటీనా చూశాడు. విట్రియస్ పోయిన కంటికి రెటీనా ఊడిపోయే ప్రమాదం, మధ్యభాగం వాచే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఆ పరీక్ష తప్పనిసరి అని మేము ముందే అనుకున్నాం. రెండూ లేవు. అద్దాలు లేకుండా 6/24, అద్దాలతో 6/12. ఒత్తిడి టిమోలాల్ మీద 18.

ఈ ఫలితాన్ని నేను సాధించానని చెప్పుకోలేను. నా ఆపరేషన్ తరువాతి రెండు రోజుల్లో ఆ కన్నుకు ఉన్నది రెండు మీటర్ల చూపు, 34 ఒత్తిడి. చుక్కలు ఎవరు వేస్తారు, ఒత్తిడి ఎవరు చూస్తారు, కుట్టు ఎవరు విప్పుతారు, అద్దాలు ఎవరు ఇస్తారు అన్న నాలుగు ప్రశ్నలకూ ఒకే మనిషి జవాబు అయ్యాడు. ఆ మనిషి లేని జిల్లాలో ఇదే కన్ను మూడు నెలల్లో నీటికాసులతో పోయేది, మా నివేదికలో మాత్రం విజయంగానే మిగిలేది. శుక్లం ఆపరేషన్ ఫలితాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలా కాలం ఒక కొలత చెబుతూ వచ్చింది. మామూలుగా వాడే అద్దాలతో నూటికి 80 కళ్ళకైనా 6/18 లేదా అంతకంటే మెరుగైన చూపు ఉండాలి, 6/60 కంటే తక్కువ చూపు అయిదు శాతం లోపే ఉండాలి. ఈ కొలత మరునాటి ఉదయానికి పెట్టుకుంటే చాలదు, గాయం మాని, అద్దాలు వచ్చాక చూసినప్పుడే దానికి అర్థం ఉంటుంది. ఆ తరువాతి ప్రయాణాల నుంచి ఆరో వారం కార్డులు రానిదే మేము ఏ అంకె కూడా ఎవరికీ చెప్పడం మానేశాం.

సెప్టెంబరులో అటు వెళుతున్న ఒక మిత్రుడి చేత రింగులు, ఐరిస్ కొక్కేలు పంపాను. నవంబరు మొదటి వారంలో ఆయన నుంచి ఒక ప్రశ్న వచ్చింది: రింగును గింజ తీయకముందు పెట్టాలా, తీశాక పెట్టాలా? కంటి సంచి నిలబడగలిగితే వీలైనంత ఆలస్యంగా, గింజ బయటికి వచ్చాకే మేలని, పరిస్థితి చూసి ఆయనే నిర్ణయించుకోవాలని రాశాను. మూడో రోజు సాయంత్రం ఫోటో వచ్చింది. ఎడమ కన్ను ఆయనే చేశాడు. సొరంగం పైన కాక చెవి వైపు పెట్టాడు, కోత వల్ల వచ్చే వంకర పవరు తగ్గుతుందని. ద్వారం ఆరున్నర మిల్లీమీటర్లు చేశాడు. గింజను కొక్కెంతో నెట్టకుండా, కిందికి నీరు, విస్కోఎలాస్టిక్ మెల్లగా పోనిచ్చి తనంతట అదే పైకి తేలేట్టు చేశాడు. రింగు పెట్టి లెన్సును సంచిలోనే కూర్చోబెట్టాడు. నా చేతిలో అయిన కన్ను కంటే అది శుభ్రమైన పని, అది మెచ్చుకోలు మాట కాదు, పక్కపక్కన పెట్టి చూస్తే ఏ కంటి వైద్యుడికైనా తెలుస్తుంది.

ఆ మరుసటి ఏడాది నుంచి నా ప్రయాణాల రీతి మారింది. మొదటి మూడు రోజులు ఆపరేషన్లు ఆయనవి, ఎదుటి కుర్చీ నాది. బల్ల మీద రోగిని పడుకోబెట్టాక, కత్తి తీసుకునే ముందు, తొలి పరీక్ష చేసినవాళ్ళు కార్డు రెండు వైపులా పైకి చదవాలి, సర్జను విన్నానని చెప్పాలి. ఈ పద్ధతిని విశాఖలో మా థియేటర్‌లోనూ పెట్టాం. మొదటి నెలలోనే ఒక స్టాఫ్ నర్సు చదువుతూ ఆగి, "సార్, ఈవిడ ప్రోస్టేట్ మందు వాడుతున్నట్టు రాసి ఉంది, పేరు మగవాళ్ళది" అని చెప్పడంతో కార్డులు మారిపోయిన సంగతి బల్ల మీదే బయటపడింది. అరకు, పాడేరు వైపు రోగులకు ఆరో వారం పరీక్ష కోసం ఊరి ఆశా కార్యకర్త నంబరు కార్డు మీద రాయనిదే డిశ్చార్జి చేయడం లేదు.

2019 జూలైలో ఆమెను మళ్ళీ చూశాను. కర్ర లేదు. మనవరాలు బడిలో ఉండటం వల్ల ఒంటరిగానే వచ్చింది. కుడి కన్ను అద్దాలతో 6/12, ఎడమ కన్ను 6/9. కుడి కంటి ఒత్తిడి 17, ఎడమ 15. కుడి కంటి పాప కింది వైపుకు కొద్దిగా లాగినట్టు ఉంది, లెన్సు కదలలేదు, రెటీనా చదునుగా ఉంది. కొత్త కార్డు వెనుక వైపు క్లినికల్ ఆఫీసరు ఈసారి సిరాతో, ప్రశ్నార్థకం లేకుండా రాశాడు: రెండు కళ్ళలో సూడోఎక్స్‌ఫోలియేషన్, కుడి కంటికి టిమోలాల్ రోజుకు రెండుసార్లు, ఆపకూడదు, ఆరు నెలలకోసారి ఒత్తిడి, కంటి నరం చూడాలి.